నూట పన్నెండో పేజీలో ఖాళీ

మెట్ల పక్క గది,
జూన్ 9

టైపు టీచరమ్మకి,

ఆశీస్సులు. ఫోను చేయొచ్చు కదా బావగారూ అని సణుగుతావని తెలుసు. నా ఎడమ చెవి పోయి రెండేళ్ళయింది. కుడి చెవి తనకి నచ్చిన మాటలే వింటుంది. పైగా ఇది చెప్పుకునే జబ్బు కాదు, చూపించుకునే జబ్బు. అందుకే 111, 112, 113 పేజీలు అచ్చు తీసి ఇందులో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చూడు.

112లో పైన ఎనిమిది లైన్లున్నాయి. కింద ఇరవై రెండు లైన్ల జాగా బట్టతలలా మెరుస్తోంది. అక్కడ ఉండాల్సిన పేరా 113 మీదకి దూకి కూచుంది. అదేమన్నా పెద్ద పేరానా అంటే పన్నెండు లైన్లు. ఇరవై రెండు లైన్ల జాగాలో పన్నెండు లైన్లు పట్టవా? ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఈ యంత్రానికి తెలియదు.

బ్యాక్‌స్పేస్ కొట్టి పైకి లాగాను, రాలేదు. అంచులు తగ్గించాను, రాలేదు. అక్షరాలు చిన్నవి చేశాను, నాకే కనపడలేదు. చివరికి విసిగి ఎంటర్లు కొట్టి కొట్టి వెనకున్న పేజీలన్నీ సర్దబోతే నలభై పేజీలు పట్టు తప్పిపోయాయి. 140లో 'నా రాజీనామా' అన్న శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా నిలబడి ఉంది. రాజీనామా మాత్రం అవతలి పేజీలో ఉంది.

నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఇలాంటి పేజీ నా బల్ల మీదకి వస్తే కంపోజిటర్‌ని పిలిచి, ఇది పుస్తకమా, పళ్ళూడిన నోరా అని అడిగేవాణ్ణి. ఇప్పుడు ఎవర్ని అడగను? మీ అక్క తన చివరి ఏడాదంతా కూచుని నా రాతప్రతి మొత్తం టైపు చేసింది. పోయిన మనిషిని అనకూడదు గానీ, ఎక్కడో ఏదో నొక్కి పాడు చేసి పోయింది. తనకి ఈ విద్య నేర్పింది నువ్వు. కాబట్టి బాగుచేసే పూచీ నీది.

తొందర ఎందుకంటే, సెప్టెంబరు ఇరవయ్యిన మా ప్రెస్సు పాత ఉద్యోగుల సమావేశం. ఆ రోజు నా పుస్తకం ప్రతి కుర్చీలోనూ ఉండాలి. పదకొండు మంది గురించి ఉన్నదున్నట్టు రాశాను. పేర్లు పెట్టలేదు, భుజాలు తడుముకునేవాళ్ళు వాళ్ళే తడుముకుంటారు. ముందు వరసలో మా పాత ఫోర్‌మన్ కూచుంటాడు. మనుషుల్ని కూడా ఎర్ర సిరాతో దిద్దేవాడని మేం వాడికి ఎర్రసిరా అని పేరు పెట్టాం. ఎనభై నాలుగేళ్ళొచ్చాయి, ఇంకా చూపు చెదరలేదట. 112లోంచి దూకిన పేరా వాడి గురించే. ముప్పై నాలుగేళ్ళుగా నా గొంతుకి అడ్డం పడ్డ పేరా. అది నిలబెట్టిన చోట నిలబడాలి.

వెంటనే జవాబు రాయి.

నీ బావ


ఇన్‌స్టిట్యూట్ మేడ,
జూన్ 17

బావగారికి,

నమస్కారాలు. ఆడలేక మద్దెల ఓడన్నాడట మీలాంటివాడొకడు. అక్క ఏదో నొక్కి పాడు చేసిందా? భుజం నొప్పితో, మెడ కింద దిండు పెట్టుకుని, మీ కోడిగీతలన్నీ విప్పుకుంటూ రెండువందల పేజీలు కొట్టిన మనిషి. నా దగ్గర నేర్చుకున్న వందలమందిలో తప్పు లేకుండా కొట్టేది అక్క ఒక్కతే. మీరు రెండు వేళ్ళతో కొడతారు, అందులో ఒకటి ఎప్పుడూ ఎవరివైపో చూపిస్తూ ఉంటుంది.

సరే, జబ్బు సంగతి. మీ ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చి, లైన్ల మధ్య సీసపు పట్టీ దూర్చి, తాడుతో బిగించి కట్టేస్తే పేజీ అక్కడే పడి ఉండేది. ఇది అలా కాదు. ఇక్కడ మాటలు నీళ్ళలాంటివి. పైన ఒక చెంబుడు పోస్తే కిందదంతా కదులుతుంది. మీరు ఎంటర్లు కొట్టి పెట్టిన ఖాళీ లైన్లు ఇవాళ మీరనుకున్న చోట ఉంటాయి. రేపు పైన ఎవరికో ఇంకొక తిట్టు చేర్చారనుకోండి, అవి నడిపేజీలో తేలతాయి. ఎంటర్ ఉన్నది పేరా ముగించడానికి, పేరాని నెట్టడానికి కాదు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. తెర పైన బొమ్మల వరసలో తిరగేసిన P లాంటి గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కండి. ఎంటర్ కొట్టిన ప్రతిచోటా ఆ గుర్తే కనిపిస్తుంది. భయపడకండి, అవి అచ్చులోకి రావు. అక్షరం లేకుండా ఒట్టి గుర్తు మాత్రమే ఉన్న లైన్లలో మీరు కొట్టినవి వెతికి తీసేయండి. మీరు కొట్టినట్టు జ్ఞాపకం లేనివి కనపడితే వాటిని ముట్టుకోకుండా నాకు రాయండి.

అంచులు, అక్షరాల సైజు మళ్ళీ ఎప్పటిలా పెట్టేయండి. టీ గ్లాసు కీబోర్డుకి దూరంగా పెట్టండి.

మీ మరదలు


మెట్ల పక్క గది,
జూన్ 26

టీచరమ్మా,

అరవై మూడు. నేను కొట్టిన ఎంటర్లు అరవై మూడు. అన్నీ ఏరి పారేశాను. నలభై పేజీలూ గొర్రెల్లా మందలోకి వచ్చేశాయి. 112 మాత్రం రాలేదు. పుండు ఒకచోట, మందు ఒకచోట. ఎనిమిది లైన్లు, ఆ కింద అదే బట్టతల.

నీ తిరగేసిన P నొక్కిన దగ్గర్నుంచి ఇంకో పీడ పట్టుకుంది. కొన్ని పేరాల పక్కన ఎడమ అంచులో నల్లగా చిన్న చదరం కనపడుతోంది. ఈగ వాలిందనుకుని తెర తుడిచాను. అది కదల్లేదు. కళ్ళజోడు తుడిచాను. అదీ దండగే. అచ్చు తీస్తే కాగితం మీద రావడం లేదు. 113లో ఎర్రసిరా పేరా పక్కన ఉంది, దాని కింద ఒట్టి గుర్తు ఉన్న లైను పక్కన ఉంది, ఆ కింది పేరా పక్కనా ఉంది. ఆ ఒట్టి గుర్తుని తీసేద్దామనుకుని, నీ హెచ్చరిక గుర్తొచ్చి మానేశాను. కొత్త జబ్బొకటి తగులుకుంటుందని భయం కూడా.

నువ్వు పేరా సరిగ్గా చదివి ఉండవు. చదువు, ఇది ఎందుకు సరైన చోట ఉండాలో నీకే తెలుస్తుంది:

"మిల్లుల్లో ఆవిరి బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్ళ కోసం మా ప్రెస్సు ఒక చేతిపుస్తకం వేసింది. మూత తీసేముందు ఆవిరంతా వదిలెయ్యాలన్న హెచ్చరిక నలభై అయిదో పేజీలో ఇమడలేదు. ఒక్క లైను కాగితం వెనక నలభై ఆరో పేజీ నెత్తిన పడింది. అక్కడ బొమ్మకి చోటు చాలలేదని ఫోర్‌మన్ ఆ లైను కోసేశాడు. ఆఖరి ప్రూఫు నాకు చూపించకుండా అచ్చుకి పంపించాడు. పేజీకి అందం ముఖ్యమనుకున్నవాడికి మనిషి చెయ్యి ఏపాటి?"

దాని కింది పేరాలో ఆ కార్మికుడి సంగతి. పుస్తకంలో ఉన్నట్టే చేశానండీ, ఆవిరి వదలమని అందులో లేదండీ అని కట్టు కట్టిన చెయ్యి చూపిస్తూ ఆఫీసులో నిలబడ్డాడు. నేను చూశాను.

ఇది చదివాక ఎర్రసిరా ముందు వరసలోంచి ఎలా లేస్తాడో చూడాలి. పేజీ విరగ్గొట్టడం తెలియక ఒక మనిషి చెయ్యి కాల్చినవాడి గురించి రాసిన పేజీయే ఇలా విరిగిందంటే నవ్వడా వాడు? వాడి నవ్వు నీకు తెలియదు. పెదాలు కదలవు.

ఆ చదరాలేమిటో చెప్పు.

నీ బావ


ఇన్‌స్టిట్యూట్ మేడ,
జులై 5

బావగారికి,

అది ఈగ కాదు. తెర అరిగేలా తుడవకండి.

పేరాలకి కొన్ని షరతులు పెట్టొచ్చు. పేరా మీద కుడి బటన్ నొక్కితే 'పేరాగ్రాఫ్' అని వస్తుంది, లోపల రెండో పేజీలో టిక్కు పెట్టే గళ్ళుంటాయి. 'కీప్ లైన్స్ టుగెదర్' అన్న గడిలో టిక్కు పెడితే, ఈ పేరాని రెండు పేజీల మధ్య విరవకు అని చెప్పినట్టు. 'కీప్ విత్ నెక్స్ట్' అన్నదాంట్లో పెడితే, దీన్ని దీని కింది పేరా నుంచి విడదీయకు అని. అలాంటి షరతు ఉన్న పేరా పక్కన నల్ల చదరం చూపిస్తుంది. అంతే దాని కథ.

మీ 112 సంగతి ఇప్పుడు చెబుతాను. ఎర్రసిరా పేరా పన్నెండు లైన్లు. ఒట్టి గుర్తు లైను ఒకటి. కార్మికుడి పేరా పది. మూడింటినీ కలిపి కట్టేశారు, ఏదీ విరగకూడదన్నారు. మొత్తం ఇరవై మూడు లైన్లు. మీ జాగా ఇరవై రెండు. ఒక్క లైను తక్కువై మూడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని అవతలి పేజీకి పోయాయి. మీ పేరా మొండిది కాదు బావగారూ, చెప్పిన మాట వింటోంది.

140లో శీర్షికకి ఉన్నది దీనికి సరిగ్గా ఎదురు జబ్బు. 'నా రాజీనామా' అని అక్క పోయాక మీరే పెట్టారు కదూ? అక్షరాలు లావు చేసినంత మాత్రాన అది శీర్షిక అయిపోదు. దానికి 'కీప్ విత్ నెక్స్ట్' టిక్కు పెట్టండి, దాని కింది పేరాతో కలిసి నడుస్తుంది.

ఇప్పుడు నాకు రెండు సంగతులు కావాలి. ఒకటి, శీర్షికలు కాకుండా మామూలు పేరాల్లో ఎక్కడెక్కడ నల్ల చదరాలున్నాయో చూసి రాయండి. రెండు, 113లో ఆ ఒట్టి గుర్తు లైను మీరు కొట్టిందేనా? అక్క పేరాల మధ్య ఖాళీ లైను ఎప్పుడూ వదలదు. నేను కొట్టి మరీ మాన్పించిన అలవాటది.

ఈ రెండూ తెలిసేదాకా టిక్కులు తీయకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ మరదలు


మెట్ల పక్క గది,
జులై 14

టీచరమ్మా,

ఇది వైద్యమా, పోలీసు విచారణా? జబ్బు తెలిసింది, మందు తెలిసింది, ఇవ్వడానికి నీకేం అడ్డం? అయినా అడిగావు గనక రెండు రోజులు కూచుని ఈ చదరాలు ఏరాను. మెడ పట్టేసింది.

నాలుగు చోట్ల ఉన్నాయి. ఎర్రసిరా దగ్గర ఒకటి. జీతం లేని సెలవు రాసిన ఆఫీసు సూపరింటెండెంటు దగ్గర ఒకటి. నా వ్యాసం తన పేరుతో వేసుకున్న సహాయ సంపాదకుడి దగ్గర ఒకటి. నాతో మాట మానేసిన మా తమ్ముడి దగ్గర ఒకటి. నేను తిట్టింది పదకొండు మందిని. నలుగురికే ఈ చదరాలెందుకు? మిగతా ఏడుగురూ ఏం పుణ్యం చేసుకున్నారు?

నాలుగు చోట్లా ఒకటే పద్ధతి. తిట్టిన పేరాకి చదరం, దాని కింద ఒట్టి గుర్తుకి చదరం. నేను తిట్టినప్పుడల్లా మీ అక్క పక్కన బొట్టు పెట్టి పోయినట్టుంది. ఎందుకు పెట్టిందో నాకు తెలియదు. నన్ను అడిగి పెట్టలేదు. బతికున్నప్పుడూ అంతే, నా బల్ల సర్దేది, ఏది ఎక్కడ పెట్టిందో చెప్పేది కాదు.

ఆ ఒట్టి గుర్తులు నేను కొట్టినవి కావు. ఎలా వచ్చాయో తెలియదు. వాటంతట అవే వచ్చి ఉంటాయి. ఈ యంత్రం సంగతి నీకు తెలియనిదేముంది.

నువ్వు ఇలాగే నానుస్తూ కూచుంటే నేను ఈ ఫైలు పారేసి మొత్తం కొత్తగా కొట్టుకుంటాను. రెండు వేళ్ళే అయినా సరే. ఎవరి బొట్లూ ఉండవు అప్పుడు.

నీ బావ


ఇన్‌స్టిట్యూట్ మేడ,
జులై 23

బావగారికి,

వాటంతట అవి రావు బావగారూ. ఆ యంత్రానికి అంత తెలివి ఉంటే నా ఉద్యోగం ఎప్పుడో పోయేది.

పేరా షరతులన్నీ దాని చివర ఉండే ఆ గుర్తులోనే దాక్కుంటాయి. మీరు పేరాలో మాటలన్నీ తుడిచేశారు. చివరి గుర్తు కంటికి కనపడదు కదా, అది మిగిలిపోయింది. అక్క పెట్టిన టిక్కులు ఇంకా దాంట్లోనే ఉన్నాయి. లోపల ఒక్క అక్షరం లేకపోయినా పైదాన్నీ కిందిదాన్నీ పట్టుకునే ఉంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, మీరు కాలిముద్ర వదిలేసి మరీ వెళ్ళారు.

మీకు తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు. అక్క తను టైపు చేసిన ఫైలు ఎప్పటికప్పుడు, తప్పులు చూడమని నాకు పంపేది. నేను తీసుకున్న అచ్చు కాగితాలు నా బీరువాలో ఉన్నాయి. మొదటి ఉత్తరంలోనే మీరు అక్కని తిట్టగానే చెప్పేద్దామనుకున్నాను. మీ అంతట మీరే చెబుతారేమోనని ఆగాను. అది నా బుద్ధి తక్కువ.

ఈ టిక్కులు చూసి అప్పట్లో నేనే ఫోన్ చేశాను.

"ఏమే, ఇన్నెందుకు కట్టేశావు? పేజీలు దూకుతాయి," అన్నాను.

"దూకితే దూకనీవే," అంది. "మీ బావ నలుగురి దగ్గర మాత్రం వాళ్ళని తిట్టి, ఆ కిందే తన తప్పు కూడా రాసుకున్నాడు. తిట్టు ఒక పేజీలో, తప్పు అవతలి పేజీలో పడిందనుకో, సగంమంది పేజీ తిప్పేలోపే పుస్తకం మూసేస్తారు. రెండూ ఒక్కచోటే కనపడాలి."

"మరి మిగతా ఏడుగురో?"

"వాళ్ళు నిజంగానే వెధవలే," అంది. చాలాసేపు నవ్వింది, తర్వాత దగ్గింది.

మీ రాతప్రతిలో ఎర్రసిరా పేరా కింద మీ చేత్తో మీరు రాసుకున్నదీ, అక్క టైపు చేసిందీ, మీరు తుడిచేసిందీ ఈ ఆరు లైన్లు. జిరాక్సు కూడా పెడుతున్నాను:

"నిజానికి ఆఖరి ప్రూఫు నాకు చూపించారు. నేనే సంతకం పెట్టాను. నేను దిద్దిన పేజీలో మళ్ళీ తప్పేముంటుందన్న పొగరుతో ముందు వైపు చూసి ఊరుకున్నాను, కాగితం తిప్పి వెనక చూడలేదు. సోమవారం జరిగిన విచారణలో, ప్రూఫు చూపించకుండా తనే అచ్చుకి పంపానని ఫోర్‌మన్ తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు. అతని ప్రమోషన్ రెండేళ్ళు ఆపారు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు."

మందు దాచుకున్నానన్న మాట నాకొద్దు. ఇదిగో. కంట్రోల్, A కలిపి నొక్కితే మొత్తం ఫైలు ఎంపికవుతుంది. పేరాగ్రాఫ్ గళ్ళలోకి వెళ్ళి ఆ రెండింటినీ రెండేసిసార్లు నొక్కండి. మొదటిసారికి అన్నిటికీ టిక్కు పడుతుంది, రెండోసారికి అన్నిటికీ పోతుంది. తర్వాత శీర్షికలకి మాత్రం టిక్కులు మళ్ళీ పెట్టి, ఆ ఒట్టి గుర్తు తీసేయండి. ఎనిమిదీ, పన్నెండూ, పదీ, ముప్పై. మీ పేజీకి ముప్పై లైన్లు. గీత గీసినట్టు కూచుంటుంది.

చేయడం, మానడం మీ ఇష్టం.

మీ మరదలు


మెట్ల పక్క గది,
జులై 29

టీచరమ్మకి,

నీ ఉత్తరం అందింది. టిక్కులు తీసేశాను. ఒట్టి గుర్తులు నాలుగూ తీసేశాను. 112లో ముప్పై లైన్లు, ఒక్క చిల్లు లేదు. నీ శ్రమకి కృతజ్ఞతలు.

ఇక్కడితో ముగించి సంతకం పెట్టి, మళ్ళీ కూచున్నాను. నువ్వు గెలిచానని అనుకోకూడదు.

ఆ మనిషి చేసిన మేలు నేను మర్చిపోయాననుకుంటున్నావు. మర్చిపోనిస్తేగా! ఆ తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నీ కోసం అబద్ధం ఆడానురా" అని మొహం మీద అని ఉంటే నేనూ నాలుగు తిట్టి, ఆ బరువు అక్కడే దింపేసేవాణ్ణి. అనలేదు. ఏం చేశాడో తెలుసా? రోజూ పొద్దున్న ప్రూఫు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. పెట్టి వెళ్ళేవాడు కాదు. నేను ముందు వైపు చదివి, కాగితం తిప్పేదాకా అక్కడే నిలబడేవాడు. తిప్పగానే వెళ్ళిపోయేవాడు. పదకొండేళ్ళు. నోరు తెరిచి ఒక్క మాట లేదు. ఒక్కరోజు మానలేదు. తనకి జ్వరమొచ్చినా వచ్చి నిలబడ్డాడు. చుట్టూ కంపోజిటర్లు చూస్తూ ఉండేవాళ్ళు. వాళ్ళకి కారణం తెలియదు, నాకు తెలుసు, వాడికి తెలుసు.

నేను రాజీనామా ఇచ్చింది అందుకు. మీ అక్కకి కూడా అసలు కారణం చెప్పలేదు.

నీకిది ఉత్తరంలో ఒప్పుకుంటున్నాను. ఉత్తరం ఒకరు చదువుతారు. పుస్తకం మూడువందల మంది చదువుతారు, వాళ్ళలో ఒకడు వాడు. ఆ రోజు కూడా వాడు పెదాలు కదపకుండా కూచుంటే నేను తట్టుకోలేను.

పేజీ కుదిరింది. ఇక ఈ విషయం మీద రాయకు.

నీ బావ


ఇన్‌స్టిట్యూట్ మేడ,
ఆగస్టు 7

బావగారికి,

రాయను. ఒకే ఒక పని చెప్పి ఊరుకుంటాను.

పుస్తకం మొదట్లో, లోపలి అట్ట వెనక, 'టైపు చేసినది నా భార్య' అని ఒక లైను వేశానని అప్పట్లో మీరే చెప్పారు. ఫైలు అక్క నాకు పంపినప్పుడు ఆ లైను లేదు, మీరే తర్వాత చేర్చారు. మంచి పనే చేశారు. కానీ ఇప్పుడు ఆ లైను తీసేయండి.

అది అక్క టైపు చేసిన పుస్తకం కాదు.

అది తీయడానికి ఏ గడిలోనూ టిక్కు పెట్టక్కర్లేదు. మౌసుతో పట్టుకుని డిలీట్ కొడితే చాలు. ఈసారి చివరి గుర్తుతో సహా పట్టుకోండి.

మీ మరదలు


మెట్ల పక్క గది,
సెప్టెంబరు 4

టీచరమ్మకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం పడి ఉంటావు. పడు, నీకు అది ఒంటికి మంచిది.

ఆ లైను తీయడానికి కూచున్నాను. మౌసుతో పట్టుకున్నాను, నువ్వు చెప్పినట్టే చివరి గుర్తుతో సహా. నీలంగా మారింది. నా వేలు డిలీట్ మీద ఉంది. మనిషిని ఇంత ఇరకాటంలో పెట్టడం మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ మీ పుట్టింట్లోనే నేర్పారా? అరగంట అలాగే ఉండి, లేచి టీ పెట్టుకున్నాను. మర్నాడూ అదే తంతు. మూడోరోజు 112 తీశాను. ముప్పై లైన్లు, ఒక్క చిల్లు లేదు. నా జీవితంలో అంత మంచి పేజీ చూడలేదు. లేచి నీ జిరాక్సు కోసం సొరుగు తెరిచాను.

నీ జిరాక్సు ముందు పెట్టుకుని ఆరు లైన్లూ రెండు వేళ్ళతో కొట్టాను. మూడు పేరాలకీ టిక్కులు పెట్టాను. పెట్టగానే ఏమవుతుందో నీకు తెలుసు. పన్నెండూ, ఆరూ, పదీ ఇరవై ఎనిమిది. మూడూ కలిసి అవతలికి దూకాయి. 112లో మళ్ళీ బట్టతల.

సూపరింటెండెంటు దగ్గరా, తమ్ముడి దగ్గరా కూడా తుడిచినవి తిరిగి పెట్టాను. ఆ మిగతా చోట్లవి కూడా నేను అడగకుండానే నువ్వు జిరాక్సులు పంపినందుకు కృతజ్ఞతలు. నా వ్యాసం కొట్టేసినవాడి విషయం ఇంకా ఆలోచిస్తున్నాను. అక్కడ నా తప్పు చాలా చిన్నది. వాడు చాలా పెద్ద వెధవ.

తర్వాత చేసిన పని నాకే నమ్మబుద్ధి కావడం లేదు. 111 నుంచి 113 దాకా అచ్చు తీసి, కవర్లో పెట్టి, ఎర్రసిరాకి పోస్టు చేశాను. పక్కన ఉత్తరం పెట్టలేదు. ఏమని రాయను? సమావేశంలో అందరి మధ్యా మొదటిసారి చూడటం కంటే ముందే చూడటం మేలనిపించింది. తిడితే ఇంట్లోనే తిట్టుకుంటాడు.

తొమ్మిది రోజులకి అవే కాగితాలు తిరిగొచ్చాయి. ఆయన కూడా ఉత్తరం పెట్టలేదు. అన్నీ ఎర్ర సిరాయే. అక్షరాలు వంకర్లు పోయాయి గానీ దిద్దుబాటు గుర్తులు మాత్రం అప్పటివే.

మొదటిది: 'విచారణ సోమవారం కాదు, మంగళవారం.'

రెండోది: 'ఏపాటి అన్నచోట ప్రశ్న గుర్తు అరిగిపోయినట్టుంది, మార్చాలి.' అరిగిపోవడానికి అది సీసమా? కంప్యూటర్ అచ్చులో ప్రశ్న గుర్తు అరుగుతుందా? ఇంకు తక్కువై ఉంటుంది. చచ్చేదాకా మారడీ మనిషి.

మూడోది: 'రెండేళ్ళు కాదు, మూడు.'

అంతే రాశాడు. మూడు. నాకు రెండని తెలుసు. మూడో ఏడు కూడా ఆపారని నాకెవరూ చెప్పలేదు. ఆయన అసలే చెప్పలేదు. పక్క బల్ల దగ్గర కూచుని పనిచేశాను, తెలియలేదు. తెలుసుకోలేదు, అని రాయాలేమో. నువ్వయితే అలాగే దిద్దుతావు.

మూడూ దిద్దేశాను. ప్రశ్న గుర్తుతో సహా, ఇంకు నింపించి.

112లో ఖాళీ చుట్టూ పెద్ద సున్నా చుట్టి, అంచులో 'ఇంత జాగా ఏమిటి? కింది పేరా పైకి లాగాలి' అని రాశాడు. ప్రింటింగ్ షాపు ఆవిడదీ అదే మాట. "తాతగారూ, ఇక్కడ సగం పేజీ పోయింది, ఏదో పొరపాటు జరిగింది, పైకి లాగేస్తాను," అంది. ముట్టుకోవద్దన్నాను. "బావుండదండీ, అడిగినవాళ్ళకి ఏం చెప్పను?" అంది. నలభై ఏళ్ళు ఇలాంటి ఖాళీ కనపడితే కంపోజిటర్ల ప్రాణాలు తీసినవాణ్ణి. ఆయన చుట్టిన సున్నా కింద వరసగా చుక్కలు పెట్టి, పక్కన 'ఉండనీ' అని రాసి, సంతకం పెట్టి ఆవిడ చేతికిచ్చాను. ఆయన దిద్దుబాటు ఒకటి కొట్టేసే అదృష్టం నాకు ఇన్నేళ్ళకి పట్టింది.

మా ఆవిడ టైపు చేసిందన్న లైను తీయలేదు. నువ్వు ఇరవయ్యో తారీఖున వస్తున్నావు. ముందు వరసలో నీకూ, నాకూ, ఎర్రసిరాకీ మూడు కుర్చీలు చెప్పాను. నీ కుర్చీ మధ్యలో ఉంటుంది. ఆయన ఏమన్నా అంటే నా కుడి చెవి వినకపోవచ్చు, నువ్వు విని చెప్పాలి.

ఒక్క సంగతి మిగిలింది. ఆ ఆరు లైన్లలో ఆ వారం, ఆ ఏళ్ళు దిద్దడం తప్పితే, నేను ఒప్పుకున్న మాటల పక్కన ఆయన ఏమీ రాయలేదు. దిద్దుబాటు లేదు, సున్నా లేదు, గీత లేదు. కింద అంచులో పాత అలవాటు ప్రకారం 'చూశాను' అని పొట్టి సంతకం, తారీఖు. అంతే.

ముందు వైపు చదివేసి ఊరుకోలేదు. ఈసారి కాగితం తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. దీపం కింద పట్టుకుని మళ్ళీ చూశాను. నిజంగానే ఏమీ లేదు.

నీ బావ